పన్నెండు అట్టల సంతకం

బుధవారం పొద్దున ఆరు గంటల పదకొండు నిమిషాలకి ఉమామహేశ్ తన సర్వర్‌లోకి లాగిన్ అయ్యాడు. అప్పటికి ఉమామహేశ్ చనిపోయి ఆరు రోజులు.

బందరు కాలవ గట్టు మీద ఆటోలో వెళ్తూ ఫరహత్, పొద్దున స్టేషన్లో తీసుకున్న ఆ లాగిన్ల కాగితాన్ని ఏడోసారి చదువుకుంది. చదివినకొద్దీ అది సాక్ష్యంలా కాక, తెల్లవారుజామున సగం మెలకువలో విన్న మాటలా అనిపిస్తోంది. నిన్న సాయంత్రం నుంచీ ఆమెకి కంటి మీద కునుకు లేదు. వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ పైనున్న ఆమె ఆఫీసుకి అన్వరీ వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, “నా తారిక్ చీమని కూడా చంపడు ఫరహత్, నీకు తెలీదా?” అని అడిగింది. పదిహేనేళ్లుగా డిటెక్టివ్ పని చేస్తున్నా, పక్క వీధి మనుషుల కేసు వస్తే మాత్రం ఫరహత్‌కి ఇలాగే నిద్ర పట్టదు.

సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. ఉమామహేశ్ చీర అంచులకి డిజైన్లు గీసేవాడు. కాలవ గట్టు కింద నేతపేటలో నలభై మగ్గాలు అతను గీసిన అంచుల మీదే బతుకుతున్నాయి. పోయిన శుక్రవారం పొద్దున అతని శవం కాలవలో తేలింది. తల వెనక దెబ్బ ఉంది, జేబులో ఫోను లేదు. గురువారం సాయంత్రం ఏడు లోపే ప్రాణం పోయిందని డాక్టర్లు తేల్చారు. అతని డిజైన్లన్నీ ఒక వర్చువల్ సర్వర్‌లో, అంటే ఎక్కడో దూరాన అద్దెకి తీసుకున్న కంటికి కనిపించని కంప్యూటర్‌లో ఉన్నాయి. దాన్ని ఏర్పాటు చేసి ఇచ్చింది భవానీపురంలో కంప్యూటర్ల షాపు నడిపే తారిక్, అన్వరీ కొడుకు.

ఆ సర్వర్‌కి పాస్‌వర్డ్ లేదు. తలుపు తట్టిన ప్రతిసారీ అది ఒక కొత్త వాక్యం చూపించి, దీని కింద సంతకం పెట్టమంటుంది. ఆ సంతకం ఉమామహేశ్ క్రిప్టో వాలెట్ ఒక్కటే పెట్టగలదు. ఆ వాలెట్‌లో డబ్బేమీ లేదు, అది ఉత్త తాళంచెవి. పోయిన ఆ ఫోను లాక్ తెలియనిదే తెరుచుకోదు, కానీ ఫోను లేకపోయినా ఇబ్బంది లేదు. వాలెట్ తయారైన రోజున అది ఇచ్చిన పన్నెండు ఇంగ్లీషు మాటలు వరసగా తెలిస్తే, ఏ ఫోనులోనైనా అదే వాలెట్‌ని మళ్లీ నిలబెట్టొచ్చు. ఆ మాటలు ఉమామహేశ్‌కి తెలుసు. ఆ రోజు పక్కన కూర్చున్న తారిక్‌కి కూడా తెలిసుండాలి. అతను పోయాక సర్వర్ తెరుస్తున్నవాడే హంతకుడు కాబట్టి తారికే హంతకుడు. పోలీసులకి ఈ వరస అప్పజెప్పినవాడు సిద్ధార్థ. కంప్యూటర్ కేసుల్లో వాళ్లకి సాయం చేసే ప్రైవేటు నిపుణుడు. ఈ కేసుకి ఎవరూ పిలవకముందే వచ్చి, ఉచితంగా చేస్తానన్నాడు. నిన్న అరెస్టు చేసిన తారిక్‌ని ఇవాళ సాయంత్రం నాలుగింటికి కోర్టులో పెడతారు.

పొద్దున ఎనిమిదిన్నరకి స్టేషన్లో పది నిమిషాలు మాట్లాడనిచ్చారు.

“ఆ మాటలు నేను చూళ్లేదు ఖాలా,” అన్నాడు తారిక్. ఫరహత్‌ని చిన్నప్పటినుంచీ పిన్ని వరసతోనే పిలుస్తాడు. పెదవి పగిలి ఉంది. “తెర మీదకి రాగానే మొహం తిప్పేసుకున్నా. ఎవరన్నా ఏటీఎంలో పిన్ కొడుతుంటే తిప్పుకోమా? అంతే. అన్న రాసుకుంటానన్నాడు, నేను టీకి పోయా. సిద్ధార్థ సారు రాత్రంతా అవే అడుగుతున్నాడు. హత్య గురించి ఒక్క ముక్క అడగడు. పన్నెండు మాటలు చెప్పు, వదిలేయిస్తా అంటాడు.”

“ఉమామహేశ్ ఆ రోజు ఇంకేమన్నా అడిగాడా?”

“ఒక్కటే. ఈ మాటలకి నంబర్లుంటాయా తమ్ముడూ అన్నాడు. ఉంటాయన్నా. జాబితాలో రెండువేల నలభై ఎనిమిది మాటలు. ఏ నంబరునైనా పదకొండు గళ్లలో రాయొచ్చు, ఉంది, లేదు, ఉంది, లేదు అని. అది విని అన్న తెగ నవ్వాడు. మా ఇంట్లో చేసేది అదే కదా అన్నాడు. నాకేం అర్థం కాలే.”

అప్పటికి ఫరహత్‌కీ అర్థం కాలేదు. ఆటో దిగేటప్పుడు తొమ్మిదిన్నర. మంచు విడిచినా ఎండ ఇంకా పలచగానే ఉంది. పేటంతా మగ్గాల చప్పుడు, ఒకదాని మీద ఒకటి పడి, జోలపాటలా కళ్లు మూతలు పడేలా చేస్తోంది. ఉమామహేశ్ ఇల్లు ఒక్కటే చప్పుడు లేకుండా ఉంది.

ఆ ఇంటి ముందు బైకుకి ఆనుకుని సిద్ధార్థ నిలబడి ఉన్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. నలగని చొక్కా, నలగని నవ్వు.

“నమస్తే మేడమ్. మీరు కోర్టు దగ్గర అన్వరీ గారి కన్నీళ్లు తుడుస్తుంటారనుకున్నా.”

“నాలుగింటికి కదండీ, టైముంది. మీరేంటి ఇటు?”

“నేనూ ఈ పేటకి ఇవాళే రావడం. ఇల్లు కనుక్కోడానికి ముగ్గుర్ని అడగాల్సొచ్చింది. బతికుండగా ఆయన్ని ఒక్కసారన్నా చూసుంటే బావుండేది, గొప్ప ఆర్టిస్టంట.” అంటూ అతను ముందు నడిచాడు.

బయటి వెలుతురులోంచి లోపలికి అడుగు పెడితే చిమ్మచీకటి. ముందు వెళ్తున్న సిద్ధార్థ వీపు ఒక్కసారి కిందకి వంగినట్టు కనిపించింది. మరుక్షణం ఫరహత్ నుదురు ఠంగుమని దూలానికి కొట్టుకుంది.

“అయ్యయ్యో! చూస్కోవాలి మేడమ్,” అన్నాడు సిద్ధార్థ, నవ్వు ఆపుకుంటూ.

“కొత్తవాళ్లెవరికైనా తగుల్తుందమ్మా అది,” అంది మగ్గం పక్కనుంచి ఒక ముసలి గొంతు. “జకార్డు పెట్టె మోసే దూలం. ఇల్లు పొట్టి, పెట్టె పొడుగు. కూర్చోండమ్మా, మంచినీళ్లిస్తా.”

ఆయన సత్యం, ఉమామహేశ్‌కి మామగారు. ఈ మగ్గం నేసేది ఆయనే. నుదురు రుద్దుకుంటూ ఫరహత్ అక్కడే కూర్చుండిపోయింది. పైకప్పులో ఒక గాజు పెంకు ఉంది. దానిలోంచి దిగే వెలుగులో దూది నుసి నెమ్మదిగా తేలుతోంది. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూ ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు, మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దెబ్బ వల్లనో నిద్రలేమి వల్లనో ఆమెకి అంతా నీళ్లలోంచి చూసినట్టుగా ఉంది.

“గురువారం సాయంత్రం ఇంట్లో ఎవరున్నారు పెద్దాయనా?”

“ఆయనొక్కడే. నేనూ అమ్మాయీ ఐదింటికి పడుగు నూలు తెచ్చుకోడానికి పక్కూరెళ్లాం. వచ్చేసరికి ఏడు. తలుపు దగ్గరగా వేసుంది. మనిషి లేడు.”

“ఎవరన్నా వచ్చిన ఆనవాలు?”

“ఏమో తల్లీ. ఆయన కోసం ఎవరెవరో వస్తానే ఉంటారు.” సత్యం గొంతు తగ్గించాడు. “అమ్మాయికి మతి చలించిందేమోనని భయంగా ఉందమ్మా. పొద్దున్నే ఆయనొచ్చి మాట్లాడుతున్నాడంటది. నవ్వుకుంటానే చెప్తది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒకట్రెండుసార్లు వినపడింది, మాగన్నుగా ఉన్నప్పుడు. అచ్చం అల్లుడి గొంతే. ముసలి చెవులు, ఏం నమ్ముతాం.”

సిద్ధార్థ గడియారం చూసుకున్నాడు. “దయ్యాల కథ కూడా విన్నాం. ఇంకేమన్నా ఉందా మేడమ్?”

ఉంది. వెలుగు పడే చోట, జకార్డు పెట్టె నుంచి అట్టల దండ వేలాడుతోంది. మూరెడేసి అట్టలు, ఒక్కో అట్ట మీద వరసగా చిల్లులు. చిల్లున్న చోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేని చోట లేవదు. అలా ఒక్కో అట్టా ఒక్కో వరస నేయిస్తుంది. ఫరహత్ తండ్రి జీవితాంతం భుజాన మూట వేసుకుని చీరలమ్మాడు. మగ్గాల ఇళ్లలో అట్టల చిల్లుల్లో వేళ్లు పెట్టి తిట్లు తిన్న బాల్యం ఆమెది. ఆ అలవాటుతోనే అట్టలు తడుముతూ పోయింది. ఒకచోట వేలికి గరుకుగా తగిలింది. చిల్లుల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి.

“ఇవేంటి పెద్దాయనా?”

సత్యం మొహం మాడ్చుకున్నాడు. “అవా... తప్పు అట్టలమ్మా. అల్లుడు చిల్లులు కొట్టడంలో పొరబడ్డాడు. అంచు చివర, గోరంత మేర, పూవు కాదు తీగ కాదు, పిచ్చిగీతల్లాగా పడింది. తొలి చీర నేసేటప్పుడే చూశా. నా మగ్గం మీదనుంచి తప్పు చీర దిగడమా? ఆయన పోడానికి రెండ్రోజుల ముందు, మంగళారం, ఇంట్లో లేనప్పుడు కాగితం అంటించేశా.”

“ఆయనకి చెప్పలేదా?”

“ఎట్టా చెప్తామమ్మా? అల్లుడి తప్పు అల్లుడి మొహమ్మీద ఎత్తి చూపిస్తామా?”

ఫరహత్ అట్టలు లెక్కపెట్టింది. పన్నెండు. ప్రతి అట్టకీ చివర పదకొండు స్థానాలు. కొన్ని చోట్ల కాగితం, కొన్ని చోట్ల అసలు చిల్లే లేదు. ఉంది, లేదు, ఉంది, లేదు. మా ఇంట్లో చేసేది అదే కదా అని నవ్వినవాడి నవ్వు ఆమెకి అప్పుడు వినిపించింది.

ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ నుదుటి మీద బొప్పి ఇంకా సలుపుతోంది, ఎదురుగా ఆ నలగని నవ్వు. ఉక్రోషం ఆగలేదు.

“సిద్ధార్థ గారూ, పన్నెండు మాటలు తెలిసింది ఇద్దరికే అన్నారుగా. తప్పు. ఈ మగ్గానికి కూడా తెలుసు. ఒక్కో అట్టా ఒక్కో మాట. ఉమామహేశ్ తాళంచెవిని దాచలేదు, నేయించాడు. ఈయన పోయిన వారం పూడ్చేశాడు. కానీ అంతకుముందే ఒక చీర దిగింది. ఆ అంచు చదవగలిగినవాళ్లు ఎవరైనా సర్వర్ తెరవొచ్చు. తారిక్కే అవ్వక్కర్లేదు.”

సిద్ధార్థ నవ్వు ఆగింది. మొదటిసారి అతని చొక్కా కాలర్ దగ్గర చెమట కనిపించింది.

“ఆ చీర ఎక్కడుంది?” అన్నాడు.

ఎలా చదువుతారు అని అడగలేదు. నిజమా అని కూడా అడగలేదు. ఫరహత్ అది గమనించింది, కానీ దాన్ని ఏ గూట్లో పెట్టాలో అప్పుడు తోచలేదు.

“నాకేం తెలుసు? ఒకటి మాత్రం చెప్తా. పొద్దున తారిక్ లాకప్‌లో ఉండగా లాగిన్ అయింది.”

“టైమర్ పెట్టిన ప్రోగ్రామ్ అయ్యుంటుంది. పిల్లాడు తెలివైనవాడు.”

“ప్రోగ్రామ్ రోజూ ఒకే టైముకి లేస్తుంది. ఇది చూడండి. శనివారం ఆరూ పన్నెండు, ఆదివారం ఆరూ ముప్పై ఐదు, సోమవారం ఆరూ పది, మంగళవారం ఆరూ ముప్పై ఆరు, ఇవాళ ఆరూ పదకొండు. రోజు విడిచి రోజు పాతిక నిమిషాలు ఆలస్యం. ఇది మనిషి చేసే పని. ఏదో అడ్డం వస్తోంది ఆ మనిషికి, రోజు విడిచి రోజు.”

“కొండని తవ్వి ఎలకని పడుతున్నారు మేడమ్. ఎస్సై గారికి ఫోన్ చేసొస్తా, ఇక్కడ సిగ్నల్ చచ్చింది.” అని అతను చరచరా బయటకి వెళ్లిపోయాడు. బైకు స్టార్టు చేసిన చప్పుడు మాత్రం రాలేదు.

మంచినీళ్ల కోసం సత్యం వెనకవైపు వెళ్తే ఫరహత్ కూడా లేచి వెళ్లింది. పెరట్లో ఒక పంపు, గోడ వెంట పదిహేను ఖాళీ బిందెలు.

“ఇన్ని బిందెలేంటి పెద్దాయనా?”

“వీధి మొత్తానికి ఇదొక్కటే పంపమ్మా. రోజు విడిచి రోజు ఆరింటికి వదుల్తారు. ఆడాళ్లంతా ఇక్కడే, ఆరున్నర దాకా సంతే.”

“మళ్లీ ఎప్పుడు?”

“రేపు. నిన్న వచ్చాయిగా.”

నిన్న మంగళవారం. అంతకుముందు ఆదివారం. ఫరహత్ గ్లాసు అందుకుని తాగకుండానే కింద పెట్టింది. పెరటి వైపు చిన్న గదిలో చాప మీద ఒక అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లలో వింతగా ఏదో ప్రశాంతత. నాగవేణి, ఉమామహేశ్ భార్య.

ఫరహత్ ఆమె పక్కన చాప మీదే కూర్చుంది. “పంపు రోజుల్లో ఆడాళ్లు వెళ్లేదాకా ఆగుతావు కదమ్మా?” అంది మెల్లగా.

నాగవేణి ఉలిక్కిపడలేదు. ఎవరైనా అడిగితే బావుండునని ఎదురుచూస్తున్నట్టు తలూపింది. ఒళ్లోని తలగడ కింద నుంచి మడతపెట్టిన చీర తీసింది. వంగపండు రంగు, అంచు నిండా కొంగల బారు.

“కొత్త డిజైన్ తొలి చీర అమ్మం మేడమ్. అమ్మవారికి కప్పి, ఇంటి ఆడపిల్ల కట్టుకోవాలి. ఇది నాది. అంచు చివర ఎట్టా చదవాలో ఆయనే నేర్పాడు, భూతద్దం పెట్టి. కుడినుంచి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, అట్టా రెట్టింపు చేసుకుంటా పోవాలి. నా పాత ఫోన్లో నాచేతే తెరిపించాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు.”

“తెరిచి ఏం చేస్తావు?”

“ఆయన గొంతు వింటా.” ఆమె కళ్లు కిందకి వాలాయి. “డిజైన్ గీసిన రోజల్లా, ఇది ఎందుకు గీశానో నాకు చెప్తున్నట్టు ఫోన్లో మాట్లాడేవాడు. అవన్నీ వాటంతటవే అక్కడికెళ్లి పడతాయి. రోజుకొక్కటే వింటా మేడమ్. మొత్తం నలభై ఒకటున్నాయి. ఒకేసారి వినేస్తే అయిపోతాయి కదా. అయిపోతే ఇంక ఆయన లేనట్టే.”

చనిపోయినవాడి సంతకం ఇదన్నమాట. ఒక పిల్ల ఐదు రోజులుగా మొగుడి చావుని రోజుకింతగా వాయిదా వేసుకుంటోంది, ఆ వాయిదాల కింద తారిక్ నలిగిపోతున్నాడు.

“నాగవేణీ, తారిక్‌ని పట్టుకెళ్లింది నువ్వు తెరిచినందుకే తల్లీ. అది అతనే తెరుస్తున్నాడనుకుంటున్నారు.”

నాగవేణి బిక్కచచ్చిపోయింది. “తారికన్నని నా వల్లనా? పాత గొడవలేవో ఉన్నాయన్నారు మేడమ్... నాకు తెలీదు, అమ్మతోడు తెలీదు! ఇప్పుడే వచ్చి చెప్తా, ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా.”

“వద్దువుగాని. ముందు ఒక్క పని చెయ్యి. ఆ రికార్డింగుల్లో చివరిది ఎప్పటిది?”

ఆమె ఫోను తీసింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది, కింద సంతకం పెట్టమని అడిగింది, వేలు తాకగానే తలుపు తెరుచుకుంది. గదిలో సిగ్నల్ నిండుగా ఉంది. సిగ్నల్ చచ్చిందన్న మాట ఫరహత్‌కి గుర్తొచ్చింది. వరసలో చిట్టచివరి ఫైలు పక్కన గురువారం, సాయంత్రం ఐదూ యాభై రెండు అని ఉంది.

“ఇది వినాలమ్మా.”

“ఇంకా ముప్పై ఆరు మిగిలున్నాయి మేడమ్,” అంది నాగవేణి, చంటిపిల్లలా. తర్వాత చీర మడతని గుండెకి నొక్కుకుని, కళ్లు మూసుకుని, తనే నొక్కింది.

మగ్గం గదిలోని నిశ్శబ్దం ముందుగా వచ్చింది, తర్వాత అతను. “నాగా, ఇవాళ కొంగల బారులోంచి ఒకదాన్ని వెనక్కి తిప్పా. ఎందుకంటే...” మెత్తని గొంతు, నవ్వు కలిసిన గొంతు. నాగవేణి చెంపల మీద నీళ్లు జారుతున్నాయి. ఫోనులో ఎక్కడో తలుపు కిర్రుమంది. “ఎవరండీ? రండి, రండి. ఆ, తల జాగ...” ఠంగుమన్న చప్పుడు. ఎవరో “అబ్బా” అన్నారు.

“తగిలిందా? చెప్పేలోపే వచ్చేశారు,” అని ఉమామహేశ్ నవ్వుతున్నాడు. “కొత్తవాళ్లకి ఒక్కసారి తగుల్తుందండీ. రెండోసారి నుంచి చూడక్కర్లేకుండా వాళ్లే వంగుతారు.”

“రెండోసారి రాను మాస్టారూ. ఆ పన్నెండు మాటలు చెప్తే వెళ్లిపోతా. మిల్లువాళ్లకి కావాల్సింది మీ డిజైన్లే, మీరు కాదు.”

“అవి నావొక్కడివి కాదండీ, నలభై మగ్గాలవి. ఇంట్లో ఈ మాటలొద్దు, కాలవ దాకా నడుద్దాం పదండి.” అక్కడితో ఆగిపోయింది.

ఆ రెండో గొంతుని ఫరహత్ ఇందాకే విన్నది. నుదుటి మీద బొప్పి ఒక్కసారిగా భగ్గుమంది. చీకట్లో తనకి ముందు నడుస్తూ, ఏమీ చూడకుండానే కిందకి వంగిన ఆ వీపు, ఈ పేటకి ఇవాళే వచ్చానన్న మనిషి వీపు, కళ్ల ముందు కదిలింది.

“ఆ ఫైలు నాకు పంపు. అన్వరీ ఆపాకి కూడా. త్వరగా,” అంది నంబర్లు చెబుతూ. తెర మీద చిన్న సున్నా తిరగడం మొదలుపెట్టింది. ఆమె నాగవేణి చెయ్యి పట్టుకుని మగ్గం గదిలోకి తీసుకొచ్చింది. అక్కడినుంచి వీధిలోకి పది అడుగులు. “పెద్దాయనా, మీరు పెరటి దోవన వెళ్లి పక్కిళ్ల వాళ్లని కేకెయ్యండి,” అంది. సత్యం ఏమీ అడగకుండా పరిగెత్తాడు.

గుమ్మంలో వెలుతురు తగ్గింది.

“లోపల ఎవరిదో గొంతు వినపడింది మేడమ్,” అన్నాడు సిద్ధార్థ. అతని చూపు నాగవేణి చేతిలోని చీర మీద ఆగింది, అక్కడినుంచి ఫోను మీదకి జారింది. “పోయినాయన గొంతులా ఉందే.”

ఫోనులో సున్నా ఇంకా తిరుగుతూనే ఉంది. పేటలో మగ్గాలు ఎవరికీ ఏమీ పట్టనట్టు మోగుతున్నాయి.

అతను వాళ్ల మీదనుంచి చూపు తిప్పలేదు. అలా చూస్తూనే, అలవాటైన ఇంట్లోకి వచ్చినట్టు, తల వంచి దూలం కిందనుంచి లోపలికి వచ్చాడు. వెనక చేత్తో తలుపు గడియ వేశాడు.